వెఱ్ఱి యను మాట

పరభాషలనుండి గ్రంథములను తెలుగునకు తెచ్చువారికి ఎక్కువ కష్టము కలిగించునవి పెద్ద మాటలు కావు. వేదాంతపు మాటలు, రాజనీతి మాటలు నిఘంటువులో దొరకును. దొరకనిచో సంస్కృతమునుండి ఒకటి కల్పింపవచ్చును. ఇంటింట దినమునకు పదిసార్లు వినబడు చిన్న మాటలే అనువాదకుని చిక్కున పెట్టును. అట్టివానిలో వెఱ్ఱి యొకటి, దానికి తోబుట్టువైన పిచ్చి యొకటి. హోమరు కావ్యములను గాని, ఏథెన్సు నగరపు విషాదనాటకములను గాని తెలుగు చేయబూనినవారు ఈ రెండు మాటలతోనే సరిపెట్టుకొన జూచుట సహజము. అట్లు సరిపెట్టినచో పోవునది కావ్యరసము మాత్రమే కాదు. ఈ మాటల కలగాపులగము మన యూళ్లలోని స్త్రీల చరిత్రలలోనికిని, రోగుల బ్రతుకులలోనికిని ప్రాకియున్నది. తిరుపతి చిత్తూరు ప్రాంతములనుండి రెండు కథలను తీసికొని, గ్రీకు మాటల ప్రక్కన నిలిపి ఈ సంగతిని విచారింతును.

ముందు మన మాటను చూతము. జ్వరతీవ్రతలో సంధి పుట్టి కలవరించువానివి వెఱ్ఱిమాటలు. రోగము సోకిన కుక్క పిచ్చికుక్క. అల్లునికి చీట్లపేక పిచ్చి, అత్తగారికి నగల పిచ్చి. బిడ్డపై తల్లికి గల మమకారము వెఱ్ఱిప్రేమ. లోకము తెలియని అమాయకుడు వెఱ్ఱిబాగులవాడు. నాటకయే మొలచినది పిచ్చిమొక్క. కూరకు పనికిరాని చేదుకాయ వెఱ్ఱిపుచ్చ. ఈ కడపటి రెండు ప్రయోగములను చదువరులు కొంచెము నిదానించి చూడవలెను. ఇవి వైద్యుని నోట పుట్టిన మాటలవలె లేవు, రైతు నోట పుట్టినట్లున్నవి. తన మడికి లోబడక తన యిచ్చ వచ్చినట్లు పెరుగుదానిని రైతు పిచ్చి యనుచున్నాడు. ఆ మొక్కకు రోగమేమియు లేదు. మనుష్యులయెడ, ముఖ్యముగా స్త్రీలయెడ, ఈ మాటను మనము ప్రయోగించునప్పుడు వైద్యుని భావముతో పలుకుచున్నామా, రైతు భావముతో పలుకుచున్నామా యని అడుగుకొనుట మనకు అలవాటు లేదు.

గ్రీకులు ఈ విషయమున మాటలకు పేదలు కారు. ఇలియడ్ కావ్యమునకు మొట్టమొదటి మాటయే మేనిస్. దానిని కోపమని తెలుగు చేయుదురు; కాని అన్నము చల్లారినదని మగడు విస్తరి విసరికొట్టు కోపమునకు ఆ మాట చెల్లదు. అది ప్రధానముగా దేవతలది, మనుష్యులలో అకిలీసుది. మర్యాద భంగమైనప్పుడు పుట్టి, పరిహారము జరుగువఱకు చల్లారనిది. ఖోలొస్ అనునది వేఱు. దానికి మూలార్థము పిత్తము; ఒంటిలో పొంగి, పొంగినంత వేగముగ దిగిపోవు కోపమది. తిక్కగా మాటలాడువానిని మనవారు పైత్యము ప్రకోపించినది అందురు గదా! రెండు దేశముల వైద్యులును ఈ విషయమున ఒకే త్రోవను నడచిరి. నల్లపిత్తమను అర్థము గల మెలంఖోలియా యను మాటయు ఆ త్రోవలోనిదే. ఆతే యనగా కన్ను కప్పివేయు మోహము, దాని వెంటనే వచ్చు చేటు. అగమెమ్నను అకిలీసును అవమానించి, సేనకు కీడు మూడిన తరువాత, అది తన చేత కాదనియు, జ్యూసు మొదలగు దేవతలు తన మనసులో ప్రవేశపెట్టిన ఆతే చేసిన పని యనియు సభలో చెప్పుకొనెను. మన పెద్దమనుష్యులు ఇట్టి సమయమున గ్రహచారమందురు. ఓయిస్ట్రొస్ అనునది జోరీగ. ఆవుగా మాఱిన ఈయో యను కన్యను ఆ జోరీగ కుట్టి కుట్టి దేశదేశములు త్రిప్పినది. నిలువనీయని తపనకు అదియే పేరైనది.

ఇక లిస్సా. దీనికి తోడేలు అను మాటతో చుట్టఱికము కలదని భాషాశాస్త్రజ్ఞులు ఊహింతురు. హోమరు దీనిని యుద్ధమున ఒడలు మఱచి నరకు వీరుని విషయమున వాడెను. ట్యూసరు అను విలుకాడు తన బాణములకు దొరకని హెక్టరును లిస్సా పట్టిన కుక్కయని తిట్టును. పిమ్మట అది కుక్కకాటు రోగమునకే పేరై, నేటి గ్రీకుభాషలోను అట్లే నిలిచియున్నది. ఆ రోగమును కలిగించు క్రిమిజాతికి ఇప్పటి శాస్త్రజ్ఞులు లిస్సా వైరస్ అని పేరు పెట్టిరి. ఈ లిస్సాను యూరిపిడీసు తన హెరాక్లీసు నాటకమున ఒక దేవతగా రంగస్థలము మీదికి తెచ్చెను. హీరా దేవి పంపగా ఐరిస్ అను దూతిక ఆమెను వెంటబెట్టుకొని వచ్చును. లోకమునకు మేలు చేసిన హెరాక్లీసు మీదికి తన్ను పంపుట తగదని లిస్సాయే అభ్యంతరము చెప్పును! ఐరిస్ ఆమెను గద్దించును. తన యిష్టము లేకయే చేయుచున్నానని సూర్యుని సాక్షిగా పెట్టుకొని లిస్సా ఆ యింట ప్రవేశించును. హెరాక్లీసు తన భార్యను, బిడ్డలను శత్రువుల వారనుకొని చంపును. ఉన్మాదమే ఉన్మాదమును ఒప్పుకొనకపోవుట! ఇంత సాహసమైన కల్పన నేను మఱియొక నాటకమున చూడలేదు. ఇచట లిస్సా యను స్థానమున పిచ్చి యను మాట పెట్టినచో ఆ దేవతకు ముఖమే యుండదు.

అన్నిటికన్న విశాలమైనది మానియా. ప్లేటో తన ఫీడ్రసు సంవాదమున దీనిని రెండుగా చీల్చెను. మనుష్యుల రోగములవలన కలుగు మానియా యొకటి. దేవతల అనుగ్రహమువలన కలుగు మానియా యొకటి. రెండవదానిని మఱల నాలుగు చేసెను: అపోలో ఇచ్చు భవిష్యద్వాణి, డయొనీససు ఇచ్చు దీక్షావేశము, వాగ్దేవతలు ఇచ్చు కవిత్వావేశము, ప్రణయదేవతలు ఇచ్చు ప్రేమావేశము. వాగ్దేవతల ఆవేశము లేక కేవలము నేర్పుతో కవి కాదలచినవాని కవిత్వము ఆవేశపరుల కవిత్వము ముందు వెలవెలబోవునని ఆయన తీర్పు. గ్రీకు సామాన్యజనులందఱు ఈ విభాగములను నియమముగా పాటించిరని భ్రమింపరాదు. సంతలో కూరగాయలమ్మువారు మనవలెనే ఏ మాట నోటికి వచ్చిన ఆ మాటనే వాడియుందురు. కాని వారి కవులును తత్త్వజ్ఞులును మాటలను విడదీసి చూచిరి.

మనకు మాటలు లేవా? ఉన్నవి. ఉగ్రము, ఆగ్రహము, రౌద్రము, మోహము, ఆవేశము, పూనకము, శివమెత్తుట, గాలి సోకుట, సంధి, ఉన్మాదము. ఇన్ని యుండగా తొందరలో వెఱ్ఱి యనుచున్నాము. దీనికి తిరుపతిలో ఏటేట ఒక నిదర్శనము దొరకును.

వేసవిలో జరుగు తాతయ్యగుంట గంగమ్మ జాతరను గూర్చి చదువుకొన్నవారు వ్రాయు వర్ణనలలో తఱచుగా కనబడునది వెఱ్ఱి ఆవేశము, మూఢజనుల ఉన్మాదము అను ధోరణి. మగవారు చీరలు కట్టుదురు, వేషములు వేసికొని వీధులలో బూతులు తిట్టుదురు, ఆడువారికి పూనకము వచ్చును. కావున ఇది వెఱ్ఱి యని వారి నిర్ణయము. నేనును జంతుబలిని మెచ్చువాడను కాను. అయినను ఒక కథను వెఱ్ఱి యనుటకు ముందు ఆ కథ యేమో వినవలెను గదా! ఒక పాలెగాడు తన యేలుబడిలోని స్త్రీలను చెఱచుచుండెను. అవిలాలలో పెరిగిన గంగమ్మపై కన్ను వేయగా ఆమె తన నిజరూపము చూపెను. వాడు పారిపోయి దాగెను. వానిని వెదకుటకు ఆమె దినమునకొక వేషము వేసెను: బైరాగి, బండ, తోటి. కడకు దొర వేషము వేయగా, తన పైవాడు వచ్చినాడని నమ్మి పాలెగాడు బయటికి రాగా, వాని తల నరికెను. మఱునాడు మాతంగి వేషమున వెళ్లి, చచ్చినవాని భార్యను ఓదార్చెనని కథకులు చెప్పుదురు. సున్నపుకుండల వేషము, విశ్వరూపము అటుపిమ్మటివి.

ఈ కథలో ఉన్మాదమెక్కడ నున్నది? ఉన్మత్తుడు తానెవరిని కొట్టుచున్నాడో ఎఱుగడు. గంగమ్మ ఎఱుగును. ఆమె వెదకినది ఒక్కనినే; చంపినది ఒక్కనినే; ఏ వేషము వేసినచో వాడు బయటపడునో ఆలోచించినది. ఇది లిస్సా కాదు, మానియా కాదు. ఇది మేనిస్. మర్యాద చెడిన చోట పుట్టి, పరిహారముతో చల్లారిన దేవతాక్రోధము. పోలిక ఇంతటితో ఆగదు. ఇలియడ్ కావ్యము హెక్టరు చావుతో ముగియలేదు. కొడుకును చంపినవాని చేతులు ముద్దు పెట్టుకొనుటకు ముసలి ప్రియాము రాత్రివేళ అకిలీసు గుడారమునకు వచ్చును. ఇద్దఱును కలిసి ఏడ్చెదరు. అకిలీసు శవమునిచ్చి, ముసలివానికి అన్నము పెట్టి పంపును. క్రోధమునకు అదియే ముగింపు. మాతంగి వేషము మన ప్రియాము ఘట్టము. శత్రువు తల నరుకుటతో గంగమ్మ కథ ముగియదు, శత్రువు ఇంటి ఆడుదాని కన్నీరు తుడుచువఱకు సాగును. ఈ జాతరను గూర్చి జాయ్సు ఫ్లూకిగరు అను అమెరికా పండితురాలు 2013లో ప్రకటించిన గ్రంథమున, ఆ దినములలో లోకమంతయు స్త్రీమయమగునని భావించెను. పరదేశమునుండి వచ్చిన స్త్రీ ఇంత శ్రద్ధతో చూచినదానిని, ఇంటి ముందర మ్రోగు డప్పు విని కిటికీ మూసికొను మనము వెఱ్ఱి యనుట ఏమి న్యాయము? సంస్కరింపదగినవి ఆ జాతరలో ఉన్నవి. కాని సంస్కర్త చేయవలసిన మొదటి పని, తాను సంస్కరింపదలచినదానిని సరియైన పేరుతో పిలుచుట.

రెండవ కథ తరిగొండ వెంగమాంబది. పూర్వపు చిత్తూరు మండలములోని తరిగొండ గ్రామమున 1730లో పుట్టి, 1817లో తిరుమలలో దేహము చాలించినదని చెప్పబడు ఈ కవయిత్రిని చిన్ననాడే ఊరివారు పిచ్చిదన్నారని ఆమె చరిత్రలు చెప్పుచున్నవి. ఆమె చేసిన దేమి? ఏకాంతమున కూర్చుండుట, తరిగొండ నృసింహుని గుడిలో పాడుచు ఆడుట, ఇంటిపనులపై మనసు లేకుండుట. పెండ్లి చేసినచో కుదురునని చేసిరి, భర్త మరణించెను. అంతట ఆమె విధవావేషమును ఒల్లనన్నది. శిరోముండనమునకు ఒప్పుకొనలేదు, బొట్టును గాజులను తీయలేదు. పరమాత్ముడే తన భర్త యన్నది. ఇంతకు ముందు భక్తిలో పిచ్చి యనిపించుకొన్నది ఇప్పుడు ఆచారమున పాపిష్ఠురాలైనది. ఒక పీఠాధిపతి ఆజ్ఞతో బలవంతముగ తల గొరిగించిరనియు, ఏటిలో మునిగి లేచునప్పటికి వెండ్రుకలు మఱల వచ్చెననియు కథ. ఆ మహిమను నమ్మువారు నమ్ముదురు గాక. ఆ కథలో మహిమకన్న నాకు ముఖ్యముగా తోచునది మంగలికత్తి. వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించుటకు 64 ఏండ్ల ముందే ఈమె జీవితము ముగిసినది. ఆమె వెనుక సంఘములేదు, పత్రికలేదు, ఉపన్యాసములేదు. ఒంటరిగా ఒక ఆడుది వద్దన్నది.

ఇచటనే మాటల తూకము చూడవలెను. తాను గురువునొద్ద ఓనమాలైన నేర్వలేదనియు, నృసింహుడే తనచేత పలికించుచున్నాడనియు వెంగమాంబ తన కృతులలో చెప్పుకొన్నది. అట్టి భావమునే ఆమెకు మూడు నూఱేండ్ల ముందు పోతన చెప్పెను; భాగవతమును తనచేత పలికించువాడు రాముడని. పోతనను ఎవరైన వెఱ్ఱివాడనిరా? ఆ మాటను భక్తికి పరాకాష్ఠ యని ఇంటింట పిల్లలచేత వల్లె వేయించుచున్నాము. తాళ్లపాక అన్నమయ్య బాలుడుగా ఇంటివారికి చెప్పక, పాడుచు పోవు యాత్రికుల వెంట తిరుమలకు వెళ్లిపోయెను. మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రమునందు అది కారణజన్ముని లీల. బాలుడు ఇల్లు విడిచిన లీల. బాలిక గుడిలో పాడిన పిచ్చి! ప్లేటో లెక్కలో ముగ్గురిదియు ఒకే జాతి, వాగ్దేవతల ఆవేశము. ఆయన ఈ విషయమున స్త్రీపురుష భేదము చేయలేదు సరికదా, దేవతావేశమువలన గ్రీసుదేశమునకు మేలు చేసినవారికి ఉదాహరణముగా మొదట చెప్పినది డెల్ఫీలోను డొడోనాలోను ఉండిన పూజారిణులనే. ఆ కాలపు ఏథెన్సులో స్త్రీలకు గొప్ప స్వాతంత్ర్యము ఉండెనని దీని భావము కాదు, లేనే లేదు.

వెంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, రాజయోగసారము, యక్షగానములు, శతకము. ఇంత వ్రాసినది వెంగమాంబ. ఒక స్వతంత్రబుద్ధి పట్టుదలతో దశాబ్దములపాటు చేసిన పని యిది. నేడు తిరుమలలో ఏకాంతసేవవేళ ఇచ్చు ముత్యాలహారతి ఆమె పేర జరుగుచున్నది. యాత్రికులు భోజనము చేయు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. అయినను ఆమెను గూర్చిన వ్యాసములు అనేకము నేటికిని పిచ్చిపిల్ల భక్తురాలైనదను వరుసలోనే నడచుచున్నవి. ఊరివారి తిట్టును మొదటి అధ్యాయమునకు శీర్షికగా పెట్టి, దేవుని మహిమను కడపటి అధ్యాయమున పెట్టి, నడుమ ఉన్న గ్రంథములను నాలుగు పంక్తులలో ముగింతురు. ఆమె పిచ్చిది కాదని నిరూపించుటకు మహిమ యెందుకు? ద్విపద చాలదా?

ఆవేశమును వ్యాధినుండి వేఱుచేసిన ప్లేటో విభాగములోను ఒక అపాయమున్నది. దైవావేశమును గౌరవించుట మప్పినకొలది, నిజమైన రోగిని కూడ దైవావేశపరునిగా భావించి వైద్యునికి చూపకుండుట సంభవించును. గ్రీకులే దీనిని గుర్తించిరి. హిపోక్రటీసు సంప్రదాయమునకు చెందిన ఒక వైద్యుడు పవిత్రరోగమని పేరుపడిన మూర్ఛను గూర్చి వ్రాయుచు, ఇతర రోగములకన్న ఇందు దైవమేమియు ఎక్కువ లేదనియు, దీనికి మొదట పవిత్రమని పేరు పెట్టినవారు తమ చేతగానితనమును దేవుని చాటున దాచుకొన్న మంత్రగాండ్రనియు, కారణము మెదడునందున్నదనియు వాదించెను. ఆయన చెప్పిన కఫసిద్ధాంతము నేడు నిలువదు. ఆయన ధైర్యము నిలిచినది. మన చరకుడును ఉన్మాదమును వాత పిత్త కఫ సన్నిపాతములవలన నాలుగు విధములుగను, ఆగంతుకమని ఐదవ విధముగను విభజించి, భూతములను పూర్తిగా విడువకపోయినను, నిదానస్థానమున ఒక గొప్ప మాట చెప్పెను: తన తప్పు లేనివానిని దేవతలు గాని పిశాచములు గాని బాధింపరనియు, తన కర్మవలన వచ్చిన రోగమునకు దేవతలను రాక్షసులను నిందింపరాదనియు. దయ్యముపై నింద తొలగినది, మేలే; కాని ఆ నింద రోగి నెత్తిన పడినది. ఇది మాత్రము నాకు సమ్మతము కాదు.

మాట తప్పినచో ప్రాణములు పోవుననుటకు దూరము పోనక్కఱలేదు. 2001 ఆగష్టు 6వ తేదీని తమిళనాట రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, దర్గా మహిమవలన కుదురునని బంధువులు తెచ్చి విడిచిన రోగులు ఉన్న పాకకు నిప్పంటుకొని 28 మంది చనిపోయిరి. వారిని గొలుసులతో కట్టివేసియుండుటచే పారిపోలేకపోయిరి. అది ఏ యొక్క మతమువారి దోషమును కాదు. మన ప్రాంతపు గుళ్లయొద్దను రోగులను దేవునికి అప్పగించి పోవు వాడుక తెలియని వారెవరు? 1912 నాటి చట్టము పేరులోనే ల్యూనసీ యను మాట యుండెను. చంద్రునివలన కలుగు రోగమని దాని వ్యుత్పత్తి, మన అమావాస్య పున్నముల నమ్మకమువంటిదే. 1987లో దాని స్థానమున వేఱొక చట్టము వచ్చెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసుతో కట్టరాదని స్పష్టముగా నిషేధించినది. శాసనకర్తలు మాట మార్చుటకు నూఱేండ్లు పట్టినది. ఇంటిలో మనము మార్చుటకు అంత కాలము పట్టనక్కఱలేదు. నిద్ర లేక, తిండి లేక, తనలో తాను మాటలాడుకొను కోడలికి పూనకమని వేపమండలు తేవద్దు, వైద్యుని పిలువుడు. చదువుకొందునని, రెండవ పెండ్లి వద్దని, లేదా కావలెనని పట్టుబట్టిన కూతురికి వైద్యుని పిలువవద్దు. ఆమె చెప్పునది వినుడు. ఈ రెంటిని తాఱుమాఱు చేయుచున్నది ఆ వెఱ్ఱి యను ఒక్క మాటయే.

అనువాదకునికి మఱల వత్తును. క్రీస్తు పూర్వము 406 ప్రాంతమున చనిపోయిన యూరిపిడీసు విడిచిపోయిన బాకై నాటకము ఆయన తదనంతరము ప్రదర్శింపబడినది. అందు అగావే యను రాజమాత డయొనీససు ఆవేశమున, సింహమనుకొని తన కొడుకు పెంథియుసును తోడి స్త్రీలతో కలిసి చీల్చి, ఆ తలను చేత పట్టుకొని ఊరిలోనికి వచ్చును. వేటను మెచ్చుకొనుమని తండ్రి కాడ్మసును పిలుచును. ఆ ముసలివాడు మనుమని అవయవములను కొండపై ఏఱుకొని అప్పుడే తిరిగివచ్చియున్నాడు. ఆయన దుఃఖించును, కాని ఆమెతో వాదింపడు, తల లాగికొనడు. ముందు ఆకాశము వైపు చూడుమనును. అది మునుపటివలెనే యున్నదా, మాఱినదా యని అడుగును. ఇంతకుముందుకన్న తేటగా నున్నదని ఆమె యనును. మనసులోని ఆ రెపరెప ఇంకను ఉన్నదా యని అడుగును. తెలియదు గాని ఏదో తెలివి వచ్చుచున్నట్లున్నదని ఆమె యనును. నిన్ను ఏ యింటికి ఇచ్చితిమి, నీకు నీ భర్తకు పుట్టిన కొడుకు పేరేమి యని ఒక్కొక్క ప్రశ్న వేయుచు, కడపట, నీ చేతిలో నున్నది ఎవరి ముఖమని అడుగును. వేటకత్తెలు సింహమన్నారని ఆమె యనును. సరిగా చూడుమనును. ఆమె చూచును.

మానియా క్రియాపదము ఆ ఘట్టమున ఆ ముసలివాని నోట వచ్చుట ఆమెకు తెలివి పూర్తిగా వచ్చిన తరువాతనే. మేమక్కడికి ఏల పోయితిమని ఆమె తానుగా అడిగినప్పుడు, మీకందఱికిని ఆవేశము పట్టినది, పట్టణమంతయు ఆ దేవుని వశమైనది యని బహువచనమున చెప్పును. ప్రశ్నలు వేయుచున్నంతసేపు ఆ మాటను ఆమెపై ప్రయోగింపడు. తెలుగు చేయువారు ఆ సంభాషణలో ఎక్కడను పిచ్చి యను మాటను ముందుగా చొప్పింపకుండ జాగ్రత్తపడవలెను.